రెండో ఆల్బమ్ అట్ట మీద పేరు

మా రెండో ఆల్బమ్ అట్ట వెనక, బేస్ గిటారుకి ఎదురుగా, ఎవడి పేరో ఉంది. మోటారు షెడ్డులో మొదలై నాలుగువేల మంది టిక్కెట్లు కొనేదాకా ఎదిగిన రాక్ బ్యాండు మాది. మొదటిరోజు నుంచీ ఆ గిటారు నాది.

అట్ట పట్టుకుని తిన్నగా మా అక్క దగ్గరికి వెళ్ళాను. బ్యాండుకి సౌండు చూసేది తనే. ఖాళీ హాల్లో కూర్చుని కేబుళ్ళు చుడుతోంది. కేబుల్ని మోచేతికి బిగించి చుడితే లోపల తీగ తెగుతుంది, వదులుగా చుట్టాలి. ఈపాటి విద్య కూడా మాలో అక్కకి తప్ప ఎవడికీ రాలేదు. సరే, అది వేరే గోల.

"నాకు తెలీకుండా ఎవడిచేతో వాయింపించి రికార్డు చేశారక్కా. పద, ఇద్దరం మానేద్దాం. ఇక్కడ నా మనిషివి నువ్వొక్కదానివే."

"వాణ్ణి పిలిపించింది నేనేరా," అంది తలెత్తకుండా.

అట్టని తన ముందు పెట్టి, ఎందుకని అడిగాను.

"ప్రతి పాటలోనూ అందరికంటే ముందే దూకేస్తావు. చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. నిన్ను తీసేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. రెండేళ్ళుగా స్టేజీ మీద, రెండు పాటలయ్యాక నీ గిటారు నీకు మాత్రమే వినిపిస్తోంది. జనానికి నీ శబ్దం వెళ్ళే మీట నేను దించేస్తున్నాను."

ఒక్క రోజైనా దక్కించుకుందామని అడిగాను. "మరి జనం నన్ను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించిన రోజో?"

అక్క కేబుల్ పక్కనపెట్టి, నా చొక్కా కాలరు సరిచేసింది.

"ఆ రోజైతే మొదటి పాట నుంచే దించేశాన్రా."