చిటికెన వేలి లింకు

కృత్రిమ చేతి డిజైను కోసం నా ఎడమ చేతినే స్కాన్ చేశాం. కంప్యూటర్ తెరమీది ప్రతి వేలూ ఆ స్కానుకు లింకై ఉంటుంది.

ఆ రాత్రి ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను. తెరమీద చిటికెన వేలు ఎంత సరిచేసినా పక్కకు జరిగిపోతోంది. విసుగొచ్చి మా సీనియర్‌కి ఫోన్ చేశాను.

"ఆ వేలి లింకు తెంపెయ్యవయ్యా. పొద్దున కలుపుకోవచ్చులే," అన్నాడు ఆవలిస్తూ.

తెంపాను. తెరమీది వేలు కుదురుకుంది. ఏసీ చప్పుడొక్కటే వినిపిస్తోంది. టీ కప్పు పట్టుకుంటే నా చిటికెన వేలికి వేడి తగల్లేదు. గిల్లి చూశాను. ఎవరి వేలినో గిల్లినట్టుంది. ఎందుకో కంగారు కూడా పుట్టలేదు.

లింకు మళ్ళీ కలపబోతే, అసలు భాగం దొరకడం లేదని తెరమీద వచ్చింది.

అంతలో ఆయనే ఫోన్ చేశాడు. "కుదిరిందా?"

"కుదిరింది సార్. నా వేలికే స్పర్శ తెలియట్లేదు."

"నాకూ మొదట్లో అంతే. అలవాటైపోతుంది. మిగతావి కూడా తెంపేసి ఇంటికెళ్ళు, మీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది."

ఆయన ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యడం నేనెప్పుడూ చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అయినా పక్క వేలి లింకు కూడా తెంపాను. పెళ్ళినాటి నుంచీ ఆ వేలికి బిగుతుగా ఉన్న ఉంగరం, ఉన్నట్టే తెలియలేదు.