అమ్మాయి ఈల

చనిపోయిన మా అమ్మాయి ఊదుకునే ఈల ఇంట్లో కనబడకుండా పోయిన రోజున, ఏడో తరగతి పిల్లనొకదాన్ని స్టాఫ్ రూముకు పిలిపించాను. పోయిన వస్తువు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేస్తుంది. తోటివాళ్లు “జాడక్క” అని ఏడిపిస్తారు.

కళ్లు మూసుకుంది. చాలాసేపటికి తెరిచింది.

“కనబడట్లేదు సార్. పోయినవే నాకు కనిపిస్తాయి. ఇది పోలేదు, ఎవరో దాచుకున్నారు.”

“మా ఇంట్లో ఎవరు దాచుకుంటారే?”

“మీ ఇంట్లో ఎంతమంది సార్?”

“ఇద్దరం. నేనూ, మీ మేడమూ.”

“మరి నన్నడుగుతారేంటి సార్? మేడమ్‌ని అడగండి.”

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ ఒంటిచేత్తో గిన్నెలు కడుగుతోంది. రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది.

అమ్మాయి పోయాక దాని గురించి మేమిద్దరం ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఇవాళా మాట్లాడలేదు.