రోజుకు నాలుగణాలు

"ఏమప్పా, దయ్యం మాదిరి ఈపొద్దు కూడా వచ్చినావా?"

చేటలో బొరుగులు చెరుగుతూనే అడిగింది దేవక్క.

కంటోన్మెంట్ రోడ్డు మీద ఆమెది చిన్న బొరుగుల కొట్టు. గడప దగ్గర బ్యాంకు మనిషి నిలబడి ఉన్నాడు. చంకలో సంచి, చెవి మీద పెన్సిలు. రోజూ కొట్టుకొట్టుకూ తిరిగి చిల్లర వసూలు చేసి, ఎవరి పేరున వాళ్ళకు బ్యాంకులో జమ కట్టడం అతని పని.

"నాలుగణాలక్కా."

అణాలు పోయి నయాపైసలు వచ్చినా అతని నోట అణాలు పోలేదు.

"ఈపొద్దు లేవు."

"సాయంత్రం రానా?"

"సాయంత్రమూ లేవు. తలుపు మీద 'నాళె బా' అని రాయించి పెడతా చూడు. దయ్యాలు చదువుకోని పోతాయంట. నువ్వూ చదువుకోని పో."

బొరుగులకు వచ్చిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు. తలుపు మీద కన్నడంలో 'రేపు రా' అని రాస్తే దయ్యం రోజూ వచ్చి, చదివి, వెనక్కి పోతుందని కన్నడ సరిహద్దులోని ఆ ఊరి నమ్మకం.

అతనూ నవ్వాడు.

"రాయించక్కా. రేపే వస్తా."

రెండేళ్ళుగా ఇదే వరస. నెలలో నాలుగైదు రోజులైనా దేవక్క లేదనేది. జమ రాసే కార్డు కూడా తన దగ్గర ఉంచుకోలేదు. "ఈడ ఎలకలు కొడతాయి, నువ్వే పెట్టుకో" అని అతనికే ఇచ్చేసింది.

అతని పేరేమిటో ఎప్పుడూ అడగలేదు.

శివరాత్రి వెళ్ళగానే కొట్టుగది సొంతదారు శివన్న వచ్చాడు.

"దేవక్కా, ఉగాదికి ఐదునూర్లు అడ్వాన్సు ఇయ్యల్ల. లేదంటే సైకిళ్ళాయప్ప ఈ గది అడుగుతాండాడు."

"పదకొండేండ్లుగా ఉండాను కదన్నా!"

"అందుకే నీకు ముందు చెప్తాండా."

మొగుడు పోయాక ముగ్గురు పిల్లలు తింటున్నది ఆ కొట్టు మీదే. దేవక్క బస్సెక్కి ఎమ్మిగనూరు పోయింది. కోతల కాలంలో కూలీలకని తన దగ్గర బస్తాలకొద్దీ బొరుగులు కొనే బసవపున్నయ్యగారిని అడిగింది.

"డబ్బొద్దు సార్. బ్యాంకులో జామీను సంతకం పెడితే సాలు."

"పొలం చూసి జామీను ఉంటారుగానీ, బొరుగుల చేటను చూసి ఎవరుంటారమ్మా?"

ఆయన నవ్వాడు. ఆమెకు మజ్జిగ ఇప్పించాడు. సంతకం పెట్టలేదు.

తిరిగొచ్చిన మర్నాడు వసూలుకు వేరే మనిషి వచ్చాడు.

"పాతాయప్ప యాడ?"

"కోటిలింగమా? పోయినాడక్కా. జరమొచ్చి మూడు నాళ్ళకే."

"అయ్యో పాపం" అంది దేవక్క, బొరుగులు కొలుస్తూ. ఉగాది ఇంకా తొమ్మిది రోజులే ఉంది. జామీను కోసం ఎమ్మిగనూరు దాకా తిరిగిన సంగతి ఆ కొత్త మనిషికి చెప్పింది.

"అప్పుకు అంత తిరగడమెందుకక్కా? రెండేండ్లు ఒక్కనాడు తప్పకుండా కట్టినోళ్ళను మా బ్యాంకులో జామీను అడగరు."

"నేను తప్పినవి నూరు నాళ్ళుంటాయప్పా."

అయినా పోయింది. ఇక పోవడానికి వేరే చోటు లేదు.

మేనేజరు ఆమె కార్డు తెప్పించి నెలనెలా చూశాడు.

"ఒక్క రోజూ తప్పలేదే! మీకు జామీను ఎందుకమ్మా? ఇదే జామీను."

"సరిగా చూడండి సార్. శ్రావణంలో పిల్లకు తట్టు పోసి ఆరు నాళ్ళు కొట్టే తెరవకపోతి."

మేనేజరు శ్రావణం వెతికి వేలు పెట్టాడు.

"ఆ ఆరు రోజులూ జమ ఉంది. ఎవరి జేబులోంచి వచ్చిందో మా పుస్తకంలో రాయం. వసూలు మాత్రం కోటిలింగానిది."

దేవక్క బల్ల అంచు పట్టుకుంది.

"వాళ్ళింట్లో ఎవరుండారు సార్? ఆ డబ్బు తిరిగి ఇయ్యల్ల."

"ఎవరూ లేరు. ఒంటరి మనిషి. మోక అనే ఊళ్ళో బస్సులు ఆగే చోట చిన్న కొట్టు పెట్టుకోవాలని తనూ రోజుకు నాలుగణాలు కట్టుకునేవాడు. పోయిన నెల అప్పడిగాడు. మా మనిషే అయినా ఇవ్వలేకపోయాం, కార్డునిండా తప్పిన రోజులే."

మేనేజరు ఆ కార్డు కూడా తీసి ఆమె కార్డు పక్కన పెట్టాడు.

దేవక్కకు అక్షరాలు రావు. కానీ మేనేజరు వేలు పెట్టి చూపించిన శ్రావణం వరసలో, తన కార్డులో నిండి ఉన్న ఆ ఆరు గళ్ళూ కోటిలింగం కార్డులో ఖాళీగా ఉన్నాయి.