బీబమ్మకు తోడు

గట్టు మీద నల్ల బురఖా కనబడగానే సత్తెమ్మ జొన్నచేలో ఒదిగి కూర్చుంది.

"నీ ఎర్ర కొంగు కనబడ్తుంది సత్తెమ్మా! లే, బస్సు పోతది."

వచ్చినామె బషీరున్నీసా. ఊరు సంగారెడ్డి. కిందటేడు హైదరాబాద్ దవాఖానలో ఇద్దరికీ రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. పక్కపక్క మంచాలు. అంతకుమించి పరిచయం లేదు.

అయినా డాక్టరమ్మ సత్తెమ్మను రమ్మన్నప్పుడల్లా ఆమె పటాన్‌చెరులో బస్సు దిగి, సత్తెమ్మ ఊరు ఇంద్రేశం దాకా నడిచొస్తుంది.

"నేను రాను బీబమ్మా. నాకేం సమజైతలేదు. గడ్డ లేదన్నరు, అయినా కోసిన్రు. ఒకటో దర్జా, మంచిదే అన్నరు. మంచిదైతే మల్లమల్ల ఎందుకు రమ్మంటరు?"

డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. కోసిన ముక్కను అద్దాల కింద చూశారట. ఈ రకం గడ్డ కట్టదట, చీమలబారులా పాకుతుందట. జబ్బుకు దర్జాలని తరగతులుంటాయట; ఒకటో దర్జాది మెల్లగా పెరుగుతుందట, మూడో దర్జాది ఆగదట. రెండో రొమ్ముకూ రావచ్చు గనుక చూపించుకుంటూ ఉండాలట.

సత్తెమ్మకు అంతా కలగాపులగమైంది. బడిలో ఒకటి చిన్నది. రైల్లో ఒకటి పెద్దది. మరి జబ్బులో?

"నీదెన్నో దర్జా బీబమ్మా?"

"నాది గూడ గంతే. నాకు మాత్రం సమజైందా ఏంది? ఒక్కదాన్నే పోవాలంటే గుండె దడదడ కొట్టుకుంటది. జెర తోడు రారాదూ?"

సత్తెమ్మ గొణుక్కుంటూ లేచింది. ఈమె పిరికితనానికి తన కలుపు పని పాడవుతోంది.

బస్సులో బషీరున్నీసా కిటికీకి ఆనుకుని కళ్లు మూసుకుంది. బాగా చిక్కిపోయింది.

"గంత భయమైతే ఎట్ల బీబమ్మా? నేనున్న గద," అంది సత్తెమ్మ.

ఆమె నవ్వింది.

దవాఖానలో సత్తెమ్మ చూపించుకుని బయటికొచ్చేసరికి, "నాదైంది, పా," అంటూ బషీరున్నీసా బల్ల మీంచి లేచింది. ఎప్పుడూ అంతే.

చలికాలంలో మళ్లీ పోవలసిన రోజు వచ్చింది. గట్టు మీద ఎవరూ కనబడలేదు.

సత్తెమ్మ ఎదురుచూసి ఎదురుచూసి విసుక్కుంది. నేరుగా దవాఖానకే పోయిందేమో. పాపం, ఒక్కతీ భయపడుతూ కూర్చుంటుంది.

చేతులు కడుక్కుని పటాన్‌చెరు దారి పట్టింది.

డాక్టరమ్మ చేతివేళ్లు రెండో రొమ్ము మీద ఒకచోట ఆగాయి.

"ఇక్కడ కొంచెం గట్టిపడింది సత్తెమ్మా. భయపడకు. మొదట్లోనే దొరికింది, తీసేస్తాం. నువ్వు రాకుండా ఉండి ఉంటే మాత్రం నా చేతుల్లో ఉండేది కాదు."

మంచిదో చెడ్డదో తెలియని అయోమయంలో సత్తెమ్మ బయటికొచ్చింది. ఈ సంగతి చెప్పుకోవాలి. బల్లలన్నీ వెతికింది.

"ఎవరికోసం?" అడిగింది నర్సమ్మ.

"బీబమ్మ కోసం. ఒక్కతి రావాలంటే భయపడ్తది."

నర్సమ్మ చేతిలో పని ఆపింది.

"బషీరున్నీసానా? పోయిన నెలల చనిపోయింది. ఆమె కొడుకు వచ్చి చెప్పిండు."

"అదేంది? చూపించుకోనీకి ప్రతిసారీ వచ్చింది గద!"

"ఆమెది మూడో దర్జా, అప్పటికే ఒళ్లంత పాకింది సత్తెమ్మా. ఇగ చేసేదేం లేదు, రావద్దని ఆపరేషన్ అయిన నెలకే చెప్పినం. తను తోలుకరాకుంటే నువ్వు రావని, నీకోసమే వచ్చేది."