ఏం కావాలె?

2003 జూలై ఏడో తేదీ, ఉదయం పదిన్నర; సన్నని తుంపర పడుతోంది. నయాపూల్ దగ్గర తమ ఇత్తడి సామాన్ల కొట్టులో వినోద గల్లా ముందు కూర్చోగానే, అన్న విఠల్ ఆమె చేతిలోని తాళాలు లాక్కున్నాడు.

“మళ్ల లొల్లి పెడ్తవ్. పోయిన నెల గిరాకీని ‘నన్నెందుకు చూస్తున్నవ్’ అని ఎల్లగొట్టినవ్. ఇంట్ల కూసో.”

“నాకు స్కిజోఫ్రీనియా ఉన్నదన్నా, దాస్తలేను. డాక్టర్ మొకాల ఫోటోలు చూపిచ్చి, ఎవరెటు చూస్తున్నరో చెప్పమని పరీక్ష చేసిండు. పక్కకు చూసే కండ్లు గూడ నన్నే చూస్తున్నయని నా మెదడు చెప్తదట. మందులేసుకున్నా జరంత చెప్తనే ఉంటది.”

“మరి గల్లా మీద ఎట్ల కూసుంటవ్?”

“చూడు, ఎట్ల కూసుంటనో.”

గడపలో ఆగిన ఒక ముసలామె వినోద వైపే చూస్తోంది. ఆ చూపు నుదుట గుచ్చుకుంటున్నట్టు వినోదకు అనిపించింది. విఠల్ ముందుకు కదలబోతే చేయి అడ్డం పెట్టింది.

“ఏం కావాలె, పెద్దమ్మా?”

“నీ ఎనక యాలాడే గంట, బిడ్డా. జర చూపియ్యి.”

వినోద వెనక్కి తిరిగింది. సరిగ్గా తన తల వెనక గంట వేలాడుతోంది.

“ఇన్నవా, అన్నా? మెదడు చెప్పిందల్లా నేనెందుకు నమ్మాలె? అనుమానమొస్తే ‘ఏం కావాలె’ అని అడుగుత. కొట్టుల గట్ల అడిగితె ఎవరూ తప్పు పట్టరు. ఇంట్ల కూసుంటె ఎవర్నడగాలె?”

విఠల్ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

“నువ్వు మాత్రం నన్నే చూస్తున్నవ్. గది నా మెదడు తప్పు గాదు. తాళాలిచ్చి, గంట దించు.”

2012లో విఠల్ చాంద్రాయణగుట్టలో రెండో కొట్టు తెరిచాడు. నయాపూల్ కొట్టు తాళాలు అప్పటికీ వినోద దగ్గరే ఉన్నాయి.