తిరగబడిన మామిడి పిందె

“చూడక్కా, నా కారును మక్కీకి మక్కీ ఎత్తుకోని పోయినాడు, దొంగనాయాలు!”

నెట్ సెంటర్‌లోకి అప్పుడే అడుగుపెట్టిన అక్క మల్లీశ్వరిని వీరేష్ కంప్యూటర్ ముందుకు లాగాడు.

లోకంలో ఏ కంపెనీ చెయ్యని కారది. కంప్యూటర్‌లో కారు పందేలు ఆడేవాళ్ల కోసం నాలుగు నెలలు కూర్చుని తయారుచేసి, తన పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఇప్పుడా కారు కింద ఇంకెవడి పేరో ఉంది.

“వాడే చేసుకున్నాడేమోరా?”

“యాడ చేసినాడు? డోరు మీద అంచు చూడు. మూడో మామిడి పిందె తిరగబడి ఉండాది కదా? అది నా కారులో ఉండే తప్పు. వాడు తప్పును గూడా వదల్లేదు. దొరికిపోయినాడు!”

మల్లీశ్వరి కళ్లద్దాలు సవరించుకుని తెర దగ్గరికి వంగింది. ధర్మవరం మగ్గాలకు గ్రాఫు కాగితం మీద చీర అంచులు గీసిచ్చే మనిషి ఆమె. ఒక్కొక్క గడినే చూసుకుంటూ పోయింది.

“పోయినేడు నా పెట్టెలో కనపడకుండా పోయిన కాగితంలోది కదరా ఈ అంచు?”

“నేనే తెచ్చుకుంటిని. బాగుండాదని కారుకు ఎక్కించినా.”

“నన్ను అడిగినావా?”

“ఇంట్లోదానికి అడిగేదేముందక్కా?”

“ఆ తిరగబడిన పిందె తప్పు కాదురా. నా అంచును ఎవరన్నా ఎత్తుకుంటే పట్టుకునేకని, దాన్ని నేనే తిప్పి పెట్టినా.”

వీరేష్ తెర మీది కారును మూసెయ్యబోయాడు.

“ఏడాది నుంచి చీరల అంగళ్లలో వెతుకుతాండా,” అంది మల్లీశ్వరి.