చెప్పులతో ఎక్కిన వేదిక

ఆ మధ్యాహ్నం సంగీతశాలలోకి మొదట వచ్చినది యజమానురాలు. ఆమె వెనుక ఆమె భర్త, వయొలిన్ విద్వాంసుడు. పిదప వైర్ల చుట్ట భుజాన వేసుకుని సౌండు మనిషి. అందరికంటె ఆలస్యంగా, అందరికంటె ఎక్కువ చప్పుడుతో వచ్చినవారు ఆమె తమ్ముడూ, అతని డ్రమ్మరూను. తమ్ముడు గిటారు వాయిస్తూ అరుస్తాడు. ఆ అరుపే అతని సంగీతం. అభిమానులు అతనికి పెట్టుకున్న పేరు గావుకేక.

వచ్చే వారపు కచేరీలు దాదాపు స్థిరపడినవి. గురువారం జానపదాలు, శుక్రవారం జాజ్, ఆదివారం పిల్లల బృందగానం. మిగిలినది శనివారం ఒక్కటే. హాలు నిండేదీ శనివారమే. దానిని భర్త కోరాడు, తమ్ముడూ కోరాడు. యజమానురాలి స్థితి అడకత్తెరలో పోకచెక్క అయినది.

"అక్కా, బావ వాయిస్తే ముందు వరస నిద్రపోతుంది, వెనక వరస గురక పెడుతుంది," అన్నాడు తమ్ముడు.

"నువ్వు అరిస్తే వీధికుక్కలు వంత పాడతాయిరా," అన్నాడు విద్వాంసుడు.

"కుక్కలకైనా వినబడుతోందిగా బావా! నీది నీకే వినబడదు."

"ఏదో ఒకనాడు నీ నోరు నేనే మూయిస్తాను. గుర్తుపెట్టుకో."

"చాల్చాల్లెండి ఇద్దరూ! రిహార్సల్ విని చెబుతాను. ముందు తమ్ముడూ, నువ్వు కానివ్వు," అన్నది ఆమె.

విద్వాంసుడు పళ్ళు నూరుతూ ముందు వరుసలో కూర్చుని, రబ్బరు చెప్పులు విడిచి కాళ్ళు చాపుకున్నాడు. అతని దృష్టిలో వేదిక పవిత్రమైనది. చెప్పులతో దానిమీద ఏనాడూ కాలు మోపి ఎరుగడు. మోపినవారిని తిట్టక వదిలి ఎరుగడు.

గిటారు స్పీకరు వెనుక వంగిన సౌండు మనిషి తల గోక్కున్నాడు. "ఈ ప్లగ్గుకి మూడో కాలు, ఎర్తుది, విరిగిపోయిందే."

"రెండు కాళ్ళమీద మనిషే నిలబడుతున్నాడు, ప్లగ్గు నిలబడదా? పెట్టేయ్ అన్నా," అన్నాడు డ్రమ్మరు.

తమ్ముడు అలవాటు ప్రకారం సీసాడు నీళ్ళు నెత్తిన కుమ్మరించుకున్నాడు. ఆ స్నానం లేనిదే అతనికి పాట పుట్టదు. నీళ్ళోడుతూ కాసేపు గిటారు మాత్రమే వాయించాడు. అటుపిమ్మట ఎడమ చేత్తో గిటారు మెడను బిగించి, కుడి చేత్తో మైకును ఒడిసిపట్టి, కేక వేశాడు.

గోడలు అదిరినవి. కేక ఆగలేదు. మెడ నరాలు ఉబ్బినవి, కళ్ళు తేలిపోయినవి, ఒళ్ళంతా పూనకం వచ్చినట్లు ఊగిపోయింది.

"అదీ! చంపేస్తున్నాడు!" అంటూ డ్రమ్మరు జోరు పెంచాడు.

యజమానురాలు చెవులు మూసుకుని కూడా నవ్వింది. శనివారం ఎవరిదో ఆమె మనసులో తేలిపోయింది.

విద్వాంసుడు లేచాడు. చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. పక్కనున్న కర్ర స్టూలును ఎత్తిపట్టి, చెప్పులతోనే వేదిక ఎక్కాడు.

"ఏవండీ!" అని ఆమె కెవ్వుమన్నది.

స్టూలు తమ్ముడి కుడిచేతి మీద పడింది. అతడు మైకు వదలలేదు. మళ్ళీ పడింది. మణికట్టు విరిగిన చప్పుడు డ్రమ్ముల మోతలోనూ వినబడింది. విద్వాంసుడు రొమ్ము మీద ఒక్క తన్ను తన్నగా తమ్ముడు వేదిక దిగువకు వెల్లకిలా పడ్డాడు. విద్వాంసుడు అతని మీదికి దూకి, రెండు చేతులూ కలిపి గుండెల మీద గుద్దసాగాడు. పక్కటెముక ఒకటి పెళుక్కుమన్నది. అయినను ఆపలేదు. తమ్ముడి నోటివెంట నురగా, దగ్గూ, మూలుగూ వచ్చిన పిదపనే ఆపాడు.

డ్రమ్మరు ఇనుప స్టాండుతో అతని దవడ పగలగొట్టాడు. రెండు పళ్ళు నేల మీద రాలినవి. పడిన మనిషిని పొట్టలో తన్నాడు.

"ముసలి నక్కా! శనివారం కోసం మనిషిని చంపేస్తావా?"

విద్వాంసుడు ఏదో చెప్పబోయాడు. మాటకు బదులు నెత్తురు వచ్చింది. వేలితో వేదికను చూపాడు.

"ఇంకా వేదికే కావాలట! చూశావా అక్కా?"

దొర్లిపడిన మైకును ఎత్తడానికి సౌండు మనిషి మెట్లెక్కబోయాడు. విద్వాంసుడు పాకివెళ్ళి అతని కాళ్ళు పట్టి ఈడ్చాడు. సౌండు మనిషి ముక్కు మెట్టుకు కొట్టుకుని చితికింది. ఎవరికైనా సందేహం మిగిలి ఉంటే అదీ తీరిపోయింది. ఇద్దరూ కలిసి విద్వాంసుణ్ణి వైరుతో కుర్చీకి కట్టివేశారు.

యజమానురాలు తమ్ముడి తలను ఒళ్ళో పెట్టుకుని పోలీసులకు ఫోను చేసింది. "మనిషిని చంపబోయాడు. త్వరగా రండి."

ఎవరని అవతలివారు అడిగారు కాబోలు.

"మా ఆయనే," అన్నది. భర్త వంక చూడలేదు.

శనివారం హాలు క్రిక్కిరిసింది. వయొలిన్ లేదు, కేకలూ లేవు. జాజ్ బృందమే రెండవ రోజూ వాయించడానికి ఒప్పుకున్నది. దవడ కట్టుతో విద్వాంసుడు ముందు వరుసలో కూర్చున్నాడు. పక్కన యజమానురాలు తల ఎత్తలేదు.

కచేరీకి ముందు తమ్ముడు వచ్చాడు. మెట్ల కింద చెప్పులు విడిచాడు. సౌండు మనిషి మైకు అందించబోగా వద్దని ఎడమ చేత్తో వారించాడు.

"సభకు నమస్కారం. నా మణికట్టు విరగ్గొట్టి, నన్ను ఈ వేదిక మీదినుండి తన్ని, నా గుండెల మీద గుద్దిన మా బావగారికి సభాముఖంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను."

జనం గొల్లున నవ్వారు. గావుకేక పరాచికమే అనుకున్నారు. నవ్వు సద్దుమణిగే వరకు అతడు నిలబడ్డాడు. పిదప, ఆ వేదిక మీద మొదటిసారిగా, గొంతు తగ్గించాడు.

"ఆ రోజు నా కేక పాటలోది కాదు."